రాత్రి తినని షుగర్ పొద్దున ఎక్కడిది?

ఫాస్టింగ్ రిపోర్టులో అంకె వేసేది ఎక్కువగా కాలేయమే. మనం నిద్రపోతున్నప్పుడు ఒళ్లు గ్లూకోజ్‌ను ఎలా తయారు చేసుకుంటుంది, ఆ తయారీకి అదుపు ఎక్కడ తప్పుతుంది?

“రాత్రి రెండు పుల్కాలు, ఇంత సొరకాయ కూర. అంతే తిన్న సార్. పొద్దున చూస్తే 148!”

హైదరాబాద్‌లోని సఫిల్‌గూడ చెరువు కట్ట మీద పొద్దున్నే నడిచేవాళ్లకు ఈ మాట కొత్త కాదు. కట్ట మైసమ్మ గుడి దాటేలోపే సలహాలు మొదలవుతాయి. పుల్కాలు మానేసి జొన్న జావ తాగమని ఒకరు. అసలు రాత్రి తిండే వద్దని ఇంకొకరు. మెంతులు, కాకరకాయ రసం, నేరేడు గింజల పొడి ఎటూ ఉండనే ఉన్నాయి. నేరేడ్‌మెట్, వాయుపురి, సైనిక్‌పురి వైపు సైన్యంలో చేసి రిటైరైనవాళ్లు చాలామంది స్థిరపడ్డారు. క్రమం తప్పకపోవడం వాళ్లకు ఉద్యోగం నేర్పిన అలవాటు. తేదీ, టైము వేసి అంకెలు నోటుబుక్కులో రాసుకునే రకం. సందేహం గట్టిగా పట్టుకునేది ఇలాంటివాళ్లనే. పడుకునే ముందు 122 ఉంది, లేచాక 148. మధ్యలో మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టలేదు. మరి ఆ 26 ఎక్కడి నుంచి వచ్చినట్టు?

చాటుగా ఏదో తిని ఉంటారని ఇంట్లోవాళ్ల అనుమానం. మిషన్ పాడైందని అంకె చూసుకున్నాయన అనుమానం. ఇంట్లో వాడే గ్లూకోమీటర్ 15 శాతం దాకా అటూఇటూ చూపించినా ప్రమాణాలు ఒప్పుకుంటాయి కాబట్టి మిషన్ మీద నింద పూర్తిగా అన్యాయం కాదు. కానీ ప్రతి పొద్దునా తేడా పైకే వస్తుంటే మిషన్‌ను ఏమీ అనలేం. ఆ చక్కెర నోటి నుంచి వచ్చింది కాదు. పొట్టలో కుడివైపు, పక్కటెముకల కింద ఉన్న కాలేయం రాత్రంతా మేలుకుని దాన్ని తయారు చేసింది.

షుగర్ అనగానే మనకు తిండే గుర్తొస్తుంది. టీలో చక్కెర, కంచంలో అన్నం, పెళ్లిలో జిలేబీ. అందుకే పొద్దున అంకె పెరిగినవాళ్లను మనం నేరస్తుల్లా చూస్తాం. ఈ చూపు మారాలంటే రక్తంలో ఉన్న గ్లూకోజ్ ఎంతో ముందు తెలియాలి.

ఒక్క టీస్పూన్

పెద్దవాళ్ల ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. ఆరోగ్యవంతుడి ఫాస్టింగ్ షుగర్ డెసిలీటరుకు 100 మిల్లీగ్రాముల లోపు. గుణించి చూడండి, మొత్తం 5 గ్రాములు కూడా రాదు. ఒక టీస్పూన్ చక్కెరంత. ఒళ్లంతా తిరిగే రక్తంలో ఏ క్షణంలోనైనా ఉండే గ్లూకోజ్ ఇంతే.

మెదడు ఒక్కటే రోజుకు సుమారు 120 గ్రాములు, అంటే గంటకు 5 గ్రాములు వాడుకుంటుంది. నిద్రలోనూ దాని ఖర్చు పెద్దగా తగ్గదు. ఎర్ర రక్తకణాలకైతే గ్లూకోజ్ తప్ప వేరే ఇంధనమే పనికిరాదు. కొవ్వును కాల్చే యంత్రాంగం వాటిలో లేదు. ఈ లెక్కన రాత్రి పదింటికి పడుకున్న మనిషి రక్తంలోని గ్లూకోజ్ పదకొండు కాకముందే అయిపోవాలి. అలా జరగడం లేదు. అంకె రాత్రంతా 70కి, 100కి మధ్యనే నడుస్తుంది.

ఎందుకంటే ఆరోగ్యవంతుడి కాలేయం నిమిషానికి, ఒంటి బరువులో కిలోకు 2 మిల్లీగ్రాముల చొప్పున గ్లూకోజ్‌ను రక్తంలోకి వదులుతూ ఉంటుంది. 70 కిలోల మనిషికి ఎనిమిది గంటల నిద్రలో ఇది దాదాపు 67 గ్రాములు. స్పూన్లతో కొలిస్తే పన్నెండు పైనే. ‘నేను ఏమీ తినలేదు’ అని మనం అనుకుంటున్న రాత్రి, మనకు తెలియకుండా పన్నెండు స్పూన్ల గ్లూకోజ్ రక్తంలోకి చేరింది, ఖర్చూ అయింది. ఇది జబ్బు కాదు. ఇది జరగకపోతే తెల్లారేసరికి స్పృహ తప్పి ఉంటాం.

కడిగేసిన కాలేయం కథ

కాలేయం చక్కెర తయారు చేస్తుందంటే 19వ శతాబ్దం మధ్యదాకా ఎవరూ నమ్మలేదు. చక్కెర తయారీ మొక్కల పని, జంతువులు దాన్ని తిని ఖర్చు చేస్తాయంతే అని అప్పటి శాస్త్రం. ఫ్రాన్స్‌లో క్లాడ్ బెర్నార్డ్ అనే శరీరధర్మ శాస్త్రవేత్త 1848లో ఈ మాటను పరీక్షకు పెట్టాడు. కేవలం మాంసం పెట్టిన కుక్కల్లో కాలేయం నుంచి బయటికొచ్చే రక్తాన్ని పరీక్షిస్తే చక్కెర కనిపించింది. తిండిలో లేని చక్కెర రక్తంలోకి ఎలా వచ్చింది? సఫిల్‌గూడ కట్ట మీద వినిపించే ప్రశ్నే.

1855లో ఆయన చేసిన ప్రయోగం ఇంకా ముచ్చటైనది. అప్పుడే తీసిన కాలేయంలోని రక్తనాళాల గుండా చల్లని నీళ్లు ధారగా పంపాడు. చక్కెర ఆనవాలు కూడా మిగలనంతవరకు కడిగాడు. కడిగిన కాలేయాన్ని అలా వదిలేసి మర్నాడు చూశాడు. అందులో మళ్లీ చక్కెర! రక్తం లేదు, తిండి లేదు, మిగతా ఒళ్లే లేదు. ఉన్నదల్లా ఆ కాలేయం ముక్క. అంటే చక్కెరగా మారే సరుకేదో అందులోనే దాగి ఉందన్నమాట. 1857లో ఆ సరుకును విడదీశాడు. దాని పేరు గ్లైకోజెన్. వేలాది గ్లూకోజ్ అణువులను కొమ్మలు కొమ్మలుగా కలిపి దాచిన నిల్వ అది.

రాత్రి మనం తిన్న అన్నంలో కొంత భాగం ఇలా గ్లైకోజెన్‌గా కాలేయంలో చేరుతుంది. కాలేయంలో పట్టేది సుమారు 100 గ్రాములు. కండరాల్లో అంతకు నాలుగు రెట్లు ఉంటుంది కానీ కండరం పక్కవాడికి పెట్టదు. నిల్వలోని గ్లూకోజ్‌ను బయటికి పంపాలంటే చివర్లో ఒక ఎంజైము కావాలి, అది కండరంలో లేదు. అందుకే రాత్రి డ్యూటీ అంతా కాలేయం మీదే పడుతుంది.

భీమవరం కుర్రాడి కొలబద్ద

రాత్రి గడిచేకొద్దీ నిల్వ తరుగుతుంది. ఒక పగలూ రాత్రీ పూర్తి ఉపవాసం ఉంటే దాదాపు అడుగంటుతుంది. అయినా శివరాత్రి జాగారం చేసినవాళ్లు మర్నాడు లేచి పనులు చేసుకుంటున్నారు కదా. దీనికి కారణం కాలేయం దగ్గరున్న రెండో విద్య. చక్కెర కాని వాటి నుంచి కొత్తగా గ్లూకోజ్‌ను అల్లడం. కండరాలు, ఎర్ర రక్తకణాలు వదిలేసిన లాక్టేట్, కొవ్వు కరిగినప్పుడు వచ్చే గ్లిసరాల్, కండలోని ప్రొటీన్ల నుంచి వచ్చే ఎలనిన్, ఇవీ దాని ముడిసరుకు. మామూలు రాత్రిలో కూడా తెల్లారేసరికి కాలేయం వదిలే గ్లూకోజ్‌లో సగం దాకా ఇలా కొత్తగా తయారైందే. మూత్రపిండాలు కూడా కాస్త చేయి వేస్తాయి.

ఇది ఖరీదైన పని. రెండు లాక్టేట్ అణువులను కలిపి ఒక గ్లూకోజ్ చేయడానికి ఏటీపీ లాంటి శక్తి అణువులు ఆరు ఖర్చవుతాయి. అదే గ్లూకోజ్‌ను తిరిగి లాక్టేట్ దాకా విరిస్తే వచ్చేవి రెండే. ఆరు పెట్టి రెండు రాబట్టే ఈ బేరం ఏ వ్యాపారీ చేయడు. మెదడును, రక్తకణాలను బతికించడానికి ఒళ్లు రోజూ చేస్తుంది.

ఏటీపీ అనగానే ఒక తెలుగు పేరు చెప్పుకోక తప్పదు. యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసులో వైద్యం చదివి 1923లో బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కే దగ్గర పనిచేస్తూ, రక్తంలోను కణజాలంలోను ఫాస్ఫరస్ ఎంతుందో రంగు చిక్కదనంతో తేల్చే పద్ధతిని కనిపెట్టారు. 1925లో అచ్చయిన ఆ ఫిస్కే-సుబ్బారావు పద్ధతి ప్రపంచమంతా ప్రయోగశాలల్లో పాకింది. దానితోనే 1927లో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది. 1929లో ఏటీపీని ఈ జంట వేరుచేసింది. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా చేశాడు.

గ్లూకోజ్ కథలో ఫాస్ఫరస్‌కు ఏం పని అని అడగొచ్చు. కణంలో అడుగుపెట్టిన గ్లూకోజ్‌కు మొదట తగిలేది ఫాస్ఫేటే. గ్లైకోజెన్ విరిగినా ఫాస్ఫేటుతోనే విరుగుతుంది. కండరం నుంచి లాక్టేట్ కాలేయానికి, అక్కడి నుంచి గ్లూకోజ్‌గా మళ్లీ కండరానికి తిరిగే చక్రాన్ని కనిపెట్టిన కార్ల్, గెర్టీ కోరి దంపతులు 1936లో గ్లైకోజెన్ విరిగే తొలి మెట్టును పట్టుకున్నదీ ఒక ఫాస్ఫేటు రూపంలోనే. వాళ్లకు 1947లో నోబెల్ వచ్చింది. మరుసటి ఏడాది సుబ్బారావు న్యూయార్క్‌లో కన్నుమూశారు, 53 ఏళ్లకు, ఏ పెద్ద బహుమతీ లేకుండా. మన పిల్లల పాఠ్యపుస్తకాల్లో ఏటీపీ ఉంటుంది. ఆ పాఠం పక్కన ఆయన పేరు ఎన్ని తరగతి గదుల్లో వినిపిస్తోందో ఉపాధ్యాయులే చెప్పాలి.

మూడు గంటల జాము

ఇంత తయారీ జరుగుతుంటే అదుపు చేసేదెవరు? కడుపు వెనక అడ్డంగా ఉండే క్లోమగ్రంథి. అందులోని బీటా కణాలు ఇన్సులిన్‌ను, ఆల్ఫా కణాలు గ్లూకగాన్‌ను వదులుతాయి. ఇన్సులిన్ మాట ‘దాచు’. గ్లూకగాన్ మాట ‘తియ్యి’. క్లోమం నుంచి బయల్దేరిన రక్తం ఒంట్లోకి వెళ్లకముందే నేరుగా కాలేయానికి పోతుంది. ఆర్డరు ముందు అందేది అక్కడికే. భోంచేశాక ఇన్సులిన్ పెరగ్గానే కాలేయం తన తయారీ తగ్గించి నిల్వ చేసుకోవడం మొదలుపెడుతుంది. రాత్రి ఇన్సులిన్ తగ్గి గ్లూకగాన్‌ది పైచేయి అయ్యాక కాలేయం మళ్లీ పని అందుకుంటుంది.

తెల్లవారుజామున మూడు నాలుగు గంటల నుంచి ఇంకో కదలిక మొదలవుతుంది. లేచి తిరగడానికి ఒంటిని సిద్ధం చేస్తూ కార్టిసాల్ పెరుగుతుంది. రాత్రి నిద్రలో ఊరిన గ్రోత్ హార్మోన్ ప్రభావమూ దానికి తోడవుతుంది. ఇవి రెండూ ఇన్సులిన్ మాటకు ఎదురు చెప్పేవే. మెదడు అడుగున ఉండే పిట్యూటరీ గ్రంథికి, షుగర్‌కు సంబంధం ఉందని చూపించిన అర్జెంటీనా శాస్త్రవేత్త బెర్నార్డో హౌసేకు 1947 నోబెల్‌లో సగం ఇచ్చారు. మిగతా సగమే కోరి దంపతులది. ఆరోగ్యవంతుడి క్లోమం ఈ వేళకు కాస్త ఎక్కువ ఇన్సులిన్ వదిలి లెక్క సరిచేస్తుంది. డయాబెటిస్ ఉన్నవారిలో ఆ సర్దుబాటు సరిపోదు. 122 పెరిగి 148 అవుతుంది. డాక్టర్లు దీన్ని డాన్ ఫినామినన్ అంటారు.

అసలు తేడా మాత్రం ఏళ్ల క్రితమే మొదలై ఉంటుంది. టైప్ 2 డయాబెటిస్‌లో కాలేయం ఇన్సులిన్ మాట సరిగా వినదు. ట్యాంకు నిండి నీళ్లు మేడ మీది నుంచి కారుతున్నా మోటార్ ఆపేవాళ్లు లేని ఇంటిలా తయారవుతుంది. రక్తంలో 200 ఉన్నా ఇంకా కావాలేమో అన్నట్టు గ్లూకోజ్ వదులుతూనే ఉంటుంది. విచిత్రమేమిటంటే, గ్లూకోజ్ ఆపమన్న ఆజ్ఞను లెక్కచేయని కాలేయం, కొవ్వు తయారు చేయమన్న ఆజ్ఞను మాత్రం చక్కగా పాటిస్తుంది. దాంతో కాలేయంలో కొవ్వు పేరుకుంటుంది. పొట్ట చుట్టూ ఉన్న కొవ్వు కూడా కరగమని ఎవరూ చెప్పకపోయినా కరిగి కాలేయానికి చేరుతుంది. అందులోని గ్లిసరాల్ కొత్త గ్లూకోజ్‌కు ముడిసరుకు, ఫ్యాటీ యాసిడ్లు ఆ తయారీకి ఇంధనం. చుట్టూ తిరిగి అదే వలయం.

ఈ విషయం మన నగరానికి ఎంత దగ్గరిదో 2025లో తెలిసింది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఏఐజీ హాస్పిటల్స్ పరిశోధకులు 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షిస్తే 84 శాతం మంది కాలేయంలో కొవ్వు ఎక్కువగా కనిపించింది. ఇది ఊరందరి లెక్క కాదు, కుర్చీలో కూర్చుని పనిచేసే ఒక వర్గం లెక్క. అయినా నిర్లక్ష్యం చేసే అంకె కాదు. దేశం మొత్తమ్మీద 2023లో వెలువడిన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే ప్రకారం డయాబెటిస్ ఉన్నవారు 10.1 కోట్లు, దాని అంచున ఉన్నవారు 13.6 కోట్లు. అంచున ఉన్నవారంటే ఫాస్టింగ్ 126 చేరకపోయినా మామూలు గీత దాటినవారు.

కంచానికి ఇచ్చే మార్కులు వేరు

పొద్దున అంకె కాలేయానిదైతే ఇక ఏం తిన్నా ఫర్వాలేదా అని సంతోషపడేవాళ్లుంటారు. తొందరపడొద్దు. భోంచేసిన రెండు గంటల తర్వాత వచ్చే అంకె కంచానిదే. పైగా ఇవాళ్టి కంచమే ఏళ్ల తరబడి పేరుకుని రేపటి కాలేయమవుతుంది.

నేరేడ్‌మెట్‌కు కొద్ది దూరంలో, తార్నాకలో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో ఒక చిన్న బెరిబెరి పరిశోధన కేంద్రంగా పుట్టి 1958లో హైదరాబాద్ వచ్చింది. మన కేలరీల్లో బియ్యం, గోధుమ, చిరుధాన్యాలన్నీ కలిపి 45 శాతం దాటకూడదని 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లో చెప్పింది. మూడు పూటలా అన్నం, మధ్యలో టిఫిన్‌గా ఇడ్లీ, ఉప్మా తినే ఇంటికి ఇది కష్టమైన మాటే. కంచంలో పప్పు గరిటె పెరిగి అన్నం గరిటె తగ్గితే తప్ప కుదరదు.

బియ్యంలో కూడా రకాలున్నాయి. రాజేంద్రనగర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం విడుదల చేసిన తెలంగాణ సోనా, అంటే ఆర్‌ఎన్‌ఆర్ 15048, గ్లైసీమిక్ ఇండెక్స్ 51 దగ్గర ఉన్న రకం. 55 లోపుంటే తక్కువ కిందే లెక్క. అంటే అది నెమ్మదిగా గ్లూకోజ్‌గా మారుతుంది. కానీ ‘షుగర్ రైస్’ అని బోర్డు పెట్టి అమ్మగానే రెండో వడ్డన వేయించుకునేవాళ్లను చూస్తున్నాం. నెమ్మదిగా వచ్చినా రెండింతలు వస్తే రెండింతలే కదా.

నేరేడు గింజల పొడి మాటకొద్దాం. వానాకాలం మొదట్లో బండ్ల మీద నేరేడు పళ్లు రాగానే గింజలు ఎండబెట్టే ఇళ్లున్నాయి. ఇన్సులిన్ దొరకక ముందు ఐరోపాలో కూడా నేరేడును షుగర్ మందుగా వాడారు. ఎలుకల మీద కొన్ని ప్రయోగాల్లో ఫలితం కనిపించింది. బ్రెజిల్‌లో నేరేడు ఆకుల కషాయాన్ని మనుషుల మీద పరీక్షించినప్పుడు షుగర్ తగ్గలేదు. పండు హాయిగా తినండి. పొడిని నమ్ముకుని మాత్ర మానేయడం మాత్రం ప్రమాదం. మొక్కల మీదే నమ్మకం ఉన్నవాళ్లకు ఒక మాట: ఎక్కువమంది వేసుకునే మెట్‌ఫార్మిన్ కథ కూడా ఐరోపాలోని గలీగా అనే మొక్క దగ్గరే మొదలైంది. ఆ మొక్కలోని పదార్థానికి దగ్గరి రసాయనమిది. 1957లో ఫ్రాన్స్‌లో జాన్ స్టెర్న్ దీన్ని రోగులకు వాడి ఫలితాలు ప్రకటించాడు. ఇది చేసే ముఖ్యమైన పని కాలేయం గ్లూకోజ్ తయారీని తగ్గించడం. అందుకే ‘నేను రాత్రి తినలేదు కదా, మాత్ర ఎందుకు’ అనే వాదన మెట్‌ఫార్మిన్ విషయంలో తప్పుతుంది.

తయారీ ఆగిపోతే

కాలేయం మీద కోపం తెచ్చుకునే ముందు అది పనిమానేస్తే ఏమవుతుందో చూడాలి. బీహార్ ముజఫర్‌పూర్‌లో ఏటా వేసవిలో పిల్లలు తెల్లవారుజామున ఫిట్స్ వచ్చి చనిపోయేవారు. 2014లో చేసిన పరిశోధన ఫలితాలు 2017లో వచ్చాయి. లిచీ పండులోని హైపోగ్లైసిన్ అనే పదార్థం కొవ్వు కాలడాన్ని అడ్డుకుని కొత్త గ్లూకోజ్ తయారీని ఆపేస్తోందని, రాత్రి అన్నం తినకుండా పడుకున్న పిల్లలకు ముప్పు ఎక్కువని తేలింది. చిన్న కాలేయం, తక్కువ నిల్వ. అది అయిపోయాక కొత్తది తయారు కాలేదు. పిల్లలకు రాత్రి అన్నం పెట్టి పడుకోబెట్టండని అధికారులు ఊరూరా చెప్పారు.

మన దగ్గర లిచీ తోటలు లేవు, మందు సీసాలున్నాయి. ఖాళీ కడుపుతో తాగితే మద్యం కూడా కొత్త గ్లూకోజ్ తయారీకి అడ్డుపడుతుంది. ఇన్సులిన్, గ్లిమిపిరైడ్ లాంటి షుగర్ మందులు వాడేవాళ్లు తాగి, తినకుండా పడుకుంటే రాత్రిలో షుగర్ ప్రాణం మీదికి తెచ్చేంత పడిపోవచ్చు. మత్తులో పడుకున్నారని ఇంట్లోవాళ్లు అనుకుంటారు.

పొద్దున అంకె చూసి భయపడి రాత్రి భోజనం మానేసేవారికీ ఇదే హెచ్చరిక. మానేసినంత మాత్రాన కాలేయం తయారీ ఆపదు. ఈ మందులు వాడుతుంటే మాత్రం నడిరాత్రి 70 కిందికి పోయే ముప్పు ఉంది. చెమటలు, వణుకు, గుండెదడ వస్తే వెంటనే 15 గ్రాముల గ్లూకోజ్, లేదా మూడు టీస్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూసుకోవాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో ఏదీ పోయకూడదు, 108కి ఫోన్ చేయాలి.

మేలు చేసేవి పాత సంగతులే. రాత్రి భోజనం ఏడున్నరకో ఎనిమిదికో ముగించడం, ఆ తర్వాత ఒక పావుగంట కాలనీలోనే నడవడం. కదిలే కండరం ఇన్సులిన్ సాయం లేకుండానే గ్లూకోజ్ లాక్కుంటుంది. బరువు ఎక్కువున్నవారు నడుం చుట్టుకొలత తగ్గించుకుంటే కాలేయంలోని కొవ్వు ముందుగా కరుగుతుంది, దాంతో అది ఇన్సులిన్ మాట మళ్లీ వినడం మొదలుపెడుతుంది. రాత్రి పదకొండుకు బిర్యానీ తిని పొద్దున ఆరింటికి స్ట్రిప్ పెట్టేవాళ్లు దాన్ని ఫాస్టింగ్ అనుకోవద్దు, కనీసం ఎనిమిది గంటలు ఖాళీ ఉండాలి.

పొద్దున అంకె వరుసగా ఎక్కువ వస్తుంటే కట్ట మీద సలహాలు అడగడం మాని, వారం రోజుల లెక్క రాసి డాక్టర్‌కు చూపించండి. పడుకునే ముందు ఎంత, లేచాక ఎంత, రాత్రి ఎన్నింటికి తిన్నారు, ఏ మాత్ర ఎన్నింటికి వేసుకున్నారు. వీలైతే ఒకటి రెండు రాత్రులు మూడు గంటలకు అలారం పెట్టుకుని చూసిన అంకె కూడా రాయండి. మందు మార్చాలా, వేళ మార్చాలా, తిండి మార్చాలా అన్నది డాక్టర్ తేల్చడానికి ఆ మూడు గంటల అంకె బాగా పనికొస్తుంది.